డ్రోన్‌కు కట్టిన దిష్టి నిమ్మకాయ

నమోదు 1
గాలి: ముఖం మీద చరిచేటంత. ఎండ: ఉందనే చెబుతున్నారు.

ఈ దినచర్య పుస్తకంలో వ్యాఖ్యలు అని ఒక గడి ఉంది. అందులో "ఏమీ లేవు" అని రాయడం ఇక్కడి ఆనవాయితీ. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ఉద్యోగమంతా అదే రాశాడు. రెండు డ్రోన్లను సముద్రంలో పడేసిన రోజున కూడా అదే రాశాడు. నాకు అంత నిగ్రహం లేదు. గడి చాలకపోతే పక్క పేజీలోకి పోతాను.

నా పేరు సువర్చల. కొత్త కోరంగి పాలకమండలిలో గగనచిత్ర అధికారిణిని. ఆ హోదా చూసి నా కింద పదిమంది ఉన్నారనుకోవద్దు. ఊరికి ఉన్నది ఒక్క డ్రోన్, దానికి ఉన్నది నేనొక్కదాన్ని. పాత కోరంగిని సముద్రం తీసుకున్నాక మా పెద్దవాళ్ళు ఉత్తరానికి వచ్చి ఈ మంచుదీవి మీద ఊరు కట్టుకున్నారు. వచ్చేటప్పుడు ఆవకాయ జాడీలు, పంచాంగం, పంతాలు మాత్రం తడవకుండా తెచ్చుకున్నారు.

ఇక పని సంగతి. బ్యాటరీలను నేను ఒంటిమీదే, స్వెట్టరు లోపల సంచీ కట్టుకుని మోస్తాను. చలి తగిలిన బ్యాటరీ నిండుగా ఉన్నట్టే కనిపించి సగం దారిలో చేతులెత్తేస్తుంది. ఊళ్ళో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి ఎన్నో నెలమ్మా అని అడిగింది. మూడు బ్యాటరీలండీ అని చెప్పాను.

డ్రోన్‌ను మంచు మీద నుంచి లేపకూడదు. రెక్కల గాలికి పొడిమంచు లేచి మోటార్లలో దూరుతుంది. అందుకని ఒక పాత పెళ్ళిపీట సంపాదించాను. పీట మీద నుంచి లేచి మనిషెత్తున కాసేపు ఊరికే నిలబడాలి, లోపల వేడి పుట్టాకే ముందుకు పోవాలి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళాలి, వచ్చేటప్పుడు ఆ గాలే తోసుకొస్తుంది. చార్జీ సగానికి రాకముందే వెనక్కి తిప్పాలి. దిగాక వెంటనే వెచ్చని గదిలోకి తేకూడదు, లోపలంతా చెమ్మ పడుతుంది. సంచీలో చుట్టి వసారాలో కాసేపు కూర్చోబెట్టాలి. కొత్త అల్లుడికి తప్ప ఇంత మర్యాద మా ఊళ్ళో ఎవరికీ జరగదు.

ఈరోజు చిత్రీకరణ: గాజుకప్పు కింద కాయగూరలు పండించే గాజుతోటలో ఒక పాపకు అన్నప్రాశన. కార్యక్రమం లోపల, డ్రోన్ బయట. పాప కనబడలేదు గానీ కప్పు బాగా వచ్చిందని ఇంటివాళ్ళు సంతోషపడ్డారు.

నమోదు 4
గాలి: మధ్యస్థం. మనసు: అంతకంటే కొంచెం ఎక్కువ.

మా తమ్ముడు గవర్రాజు మంచుదారి మీద ట్రాక్టరు నడుపుతాడు. మా ఊరికీ, గడ్డకట్టిన అఖాతానికి అటువైపున్న అవతలిగట్టు ఊరికీ మధ్య బియ్యం బస్తాలనూ మనుషులనూ స్లెడ్జి బళ్ళ మీద లాక్కొస్తూ ఉంటాడు. దారికి ఆనవాలు రెండు వరసల ఎర్రజెండాలు. కింద మంచు, ఆ మంచు కింద సముద్రం.

నాకున్నది వాడొక్కడే. అమ్మ పోతూ వాడి చెయ్యి తీసి నా చేతిలో పెట్టలేదు, అలాంటి నాటకాలు మా ఇంట్లో లేవు. వాణ్ణి తిట్టడం మానకు, మానితే పాడైపోతాడు అంది. నేను ఆ మాట జవదాటలేదు.

రోజూ పొద్దున్నే ట్రాక్టరు బయల్దేరే ముందు డ్రోన్‌తో ఒకసారి మంచుదారి పొడుగునా చూసి వస్తానని పాలకమండలికి అర్జీ పెట్టాను. మంచులో పగులు పడితే నేల మీద నుంచి తెలియదు, దాని మీద పొడిమంచు కప్పేస్తుంది, అంతా తెలుపే. పైనుంచి చూస్తే తడి ఊరిన చోట నల్లటి గీత కనిపిస్తుంది. గాలి గట్టు మీద నుంచి సముద్రం వైపు వీచే రోజుల్లో మంచు గట్టును వదిలి జరుగుతుంది, పగుళ్ళు అప్పుడే పడతాయి.

అధ్యక్షులు వేగుళ్ళ పట్టాభి గారు అర్జీ మొత్తం చదివారు. ఆయన మంచి చదువరి, ప్రతిదీ చదివే తిరస్కరిస్తారు. పోయిన ఏడాది ఎవరూ మునగలేదు కాబట్టి ఈ ఏడాది మునగరట. బ్యాటరీలు శుభకార్యాలకు కేటాయించినవట. పైగా డ్రైవరుకు దేవుడు కళ్ళిచ్చాడట.

గవర్రాజుకు చెబితే నవ్వాడు. ఆయనన్నది నిజమేగా అక్కా అని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చూపించాడు. తిట్టి పంపాను.

నమోదు 7
గాలి: పరవాలేదు. రోడ్డు: వంకర.

మా ఊరి నడివీధి తిన్నగా ఉండేది. నెల కిందట ఎవరో దిష్టి తీసి, నిమ్మకాయ కోసి కుంకం అద్ది ఆ రెండు చెక్కలనూ వీధి మధ్యలో పడేశారు. పొద్దున్న మంచు తోసే బండితో వచ్చిన మా గవర్రాజు దాన్ని దాటకుండా పక్కనుంచి తిప్పి తోశాడు. మర్నాడు కూడా అలాగే. చెక్కల మీద మంచు పడింది, గడ్డకట్టింది, దారి మాత్రం వంకర తిరిగే గట్టిపడింది. ఈరోజు ఊరి పటం కోసం పైనుంచి ఫోటోలు తియ్యమంటే తీశాను. ఆ వంకర ఇక పటంలోకి ఎక్కుతుంది. వచ్చే తరం పిల్లలు దాని వెనక ఏ చరిత్ర ఉందో అని పరిశోధనలు చేస్తారు.

గాజుతోటలో నిమ్మకాయ పండించడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. ఒంట్లో పులుపు తక్కువై సగం ఊరికి చిగుళ్ళు వాస్తున్నాయని డాక్టరమ్మ మొత్తుకుంటోంది. అయినా మనిషి నోట్లోకి వెళ్ళే కాయల కంటే గుమ్మానికి వేలాడే కాయలే ఎక్కువ.

నమోదు 9
గాలి: ఎక్కువ. కానీ కింద చూడండి.

పట్టాభి గారి అమ్మాయికి అవతలిగట్టు సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు గవర్రాజు బళ్ళ మీద మంచుదారిన తరలివస్తారు. ఆ రావడం మొత్తం డ్రోన్ తియ్యాలి, తీసింది తీసినట్టు కల్యాణమండపంలో పెద్దతెర మీద పడాలి.

ముహూర్తం పంతులుగారు పెట్టారు. లెక్కకు సూర్యోదయం కావాలి. ఇక్కడి సూర్యుడు ఉద్యోగం మీద శ్రద్ధ లేని మనిషి, చలికాలంలో ఏ వేళకో వచ్చి సంతకం పెట్టి పోతాడు. అందుకని పాత కోరంగి సూర్యోదయాన్నే పట్టుకుని లెక్క వేస్తారు. మునిగిపోయిన ఊళ్ళో పొద్దు ఎప్పుడు పొడుస్తుందో చూసి మేమిక్కడ తాళి కడతాం.

ఆ రోజుకు గట్టు మీద నుంచి సముద్రం వైపు గాలి హోరుగా వీస్తుందని వాతావరణ కేంద్రం చెప్పింది. అంత గాలిలో డ్రోన్ ఎగరకూడదని మా నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి రాసిచ్చాను. పైగా అది గాలితో కొట్టుకుపోయి, రావడానికి ఎదురు ఈదాలని కూడా రాశాను. వెంటనే గాలి కమిటీ సమావేశమైంది. వాళ్ళు ముహూర్తం మార్చలేదు, నిబంధన మార్చారు. ఇకమీదట అంత గాలిని పిల్లగాలిగా పరిగణించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం ప్రతి గాలికి ఎవరు అందజేస్తారో రాయలేదు.

నమోదు 10
గాలి: లేచింది. నిమ్మకాయలు: ఒకటి.

పట్టాభి గారి భార్య భానుమతమ్మ గారు పసుపు, కుంకం, నిమ్మకాయ, మిరపకాయలు పళ్ళెంలో పెట్టుకుని నా గదికి వచ్చారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. జ్వరమొస్తే మిరియాల చారు పంపే మనిషి. డ్రోన్‌కు పసుపు రాసి, కెమెరాకు బొట్టు పెట్టారు. నేల ఎంత దూరంలో ఉందో చూసుకునే అడుగు కన్నుకు కూడా బొట్టు పెట్టారు. ఆ రెండూ ఆవిడ వెళ్ళాక తుడుచుకోవచ్చని ఊరుకున్నాను. తర్వాత నిమ్మకాయకూ బొట్టు పెట్టి, మిరపకాయలతో కలిపి దారానికి గుచ్చి డ్రోన్ పొట్టకు కట్టారు. జానెడు దారం.

ఇది కుదరదండీ అన్నాను. నిమ్మకాయ చలికి గడ్డకట్టి రాయవుతుంది, వేగంగా వెళ్తూ ఒక్కసారిగా ఆపితే ఊగి వచ్చి రెక్కకు కొట్టుకుంటుంది, రెక్క విరిగితే డ్రోన్ రాయిలా కింద పడుతుందని చేత్తో ఊపి మరీ చూపించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే గట్టిగా ఆపకమ్మా," అన్నారు. "ఊరంతా కళ్ళప్పగించి చూసేది దీన్నేగా. దిష్టి ముందు దీనికే తగుల్తాది."

విప్పేద్దామనుకున్నాను గానీ పెళ్ళిలో నిమ్మకాయ కనపడకపోతే నా ఉద్యోగానికే నిమ్మకాయ కడతారు. మెల్లగా ఎగరేద్దాంలే అని ఊరుకున్నాను.

సాయంత్రం గవర్రాజు బళ్ళు తీసుకుని అవతలిగట్టుకు వెళ్ళాడు. గాలి సముద్రం వైపే వీస్తోంది, రేపు వచ్చేటప్పుడు జాగ్రత్తరా అని చెప్పాను. నీ నిమ్మకాయ ఉందిగా అక్కా అన్నాడు.

నమోదు 11
గాలి: తీర్మానం ప్రకారం పిల్లగాలి.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పీట మీద నుంచి లేపాను. నిమ్మకాయ అప్పటికే గోళీలా బిగుసుకుంది. మండపం వసారాలో కూర్చున్నాను, నా తెర నా ముందు, నా వెనక పట్టాభి గారు. లోపల పెద్దతెర ముందు ఊరు ఊరంతా ఉంది. గాలి డ్రోన్‌ను అట్టే కష్టపెట్టకుండా అఖాతం మీదికి మోసుకుపోయింది. అదే నాకు భయం. తేలిగ్గా వెళ్ళిన దారి రావడానికి తేలిక కాదు.

మగపెళ్ళివారు కనిపించారు. ముందు గవర్రాజు ట్రాక్టరు, వెనక బళ్ళ మీద పెళ్ళికొడుకు, చుట్టాలు, సన్నాయి మేళం. తెర మీద వాళ్ళు పడగానే మండపంలో చప్పట్లు. వాళ్ళ ముందు దారి ఎలా ఉందోనని నేను కెమెరాను మా గట్టు వైపు తిప్పాను. ఎర్రజెండాల వరసకు అడ్డంగా, మాకూ వాళ్ళకూ మధ్యలో, నల్లటి గీత ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు. చూస్తుండగానే లావవుతోంది.

"అమ్మాయ్, ఒట్టి మంచు చూపిస్తున్నావేంటి?" అన్నారు పట్టాభి గారు. "పెళ్ళికొడుకుని చూపించు."

పగులు పడిందండీ, బళ్ళు దానికేసే వస్తున్నాయి అన్నాను. ఆయన వంగి చూశారు. చూసి, అది నీడ అన్నారు. ముహూర్తం దగ్గరపడుతోంది, పగుళ్ళ సంగతి రేపు మాట్లాడదాం అన్నారు. రేపు వరకు ఆగే పగులును నేనింతవరకు చూడలేదు.

వైర్‌లెస్ అందుకున్నాను. అందులోంచి సన్నాయి వస్తోంది. మేళం మండపంలో వినపడాలని అవతల ఎవరో మహానుభావుడు మాట్లాడే బొత్తానికి రబ్బరు బ్యాండు చుట్టి వైర్‌లెస్‌ను సన్నాయి ముందు పెట్టేశాడు. బొత్తాం నొక్కి ఉన్నంతసేపూ వాళ్ళకు నా గొంతు వినపడదు. అయినా గవర్రాజూ, గవర్రాజూ అని అరిచాను. సన్నాయి కల్యాణి రాగం అందుకుంది.

ఇక మిగిలింది డ్రోనే. వాళ్ళ ముందుకు దింపి, వద్దు వద్దన్నట్టు అటూ ఇటూ ఊపాను. వాళ్ళూ చేతులు ఊపారు. ఇంకా కిందికి దింపాను. పెళ్ళికొడుకు కోతిటోపీ తీసి జుట్టు సవరించుకున్నాడు. అతని మేనత్తగారు కోటు కింద నలిగిన పట్టుచీర కొంగు పైకి లాగి కనపడేలా పరుచుకున్నారు. కుర్రాళ్ళు బళ్ళ మీద నుంచి దూకి డ్రోన్‌కేసి డాన్సు చేస్తూ రావడం మొదలుపెట్టారు. డ్రోన్ ఎంత దగ్గరికి వస్తే ఫోటో అంత బాగా వస్తుందని మా జాతికి పుట్టుకతో తెలుసు. నేను ఎంత బతిమాలితే వాళ్ళు అంత ముందుకు వస్తున్నారు. నా సొంత తమ్ముడు, నా చేత రోజూ తిట్లు తినే వెధవ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బొటనవేలు చూపించి ట్రాక్టరు వేగం పెంచాడు.

మండపంలో ఈలలు వేస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది.

తెర కింది అంచున నిమ్మకాయ ఊగుతోంది. ఈ మనుషులు నా మాటకు ఆగరు, గాలికి ఆగరు, సముద్రానికి ఆగరు. ఒక్కదానికి ఆగుతారు. నడివీధిలో ఆ వంకర ఇంకా ఉంది.

డ్రోన్‌ను బళ్ళ వెనక్కి తీసుకెళ్ళి పైకి లేపాను. ఇప్పుడు తిప్పుకుంటే ఇంటికి చేరే చార్జీ ఉంది. ఊరికి ఉన్నది ఇదొక్కటే, పోతే ఇంకోటి రాదు. వాళ్ళ తలల మీదుగా పూర్తి వేగంతో ముందుకు వదిలాను, డాన్సు కుర్రాళ్ళను దాటగానే, పగులుకు వాళ్ళ వైపునే, గట్టిగా ఆపాను. భానుమతమ్మ గారు ఆపొద్దన్నట్టుగానే ఆపాను.

నిమ్మకాయ ఊగి వచ్చి రెక్కకు తగిలింది. తెర మీద ఆకాశం, మంచు, మళ్ళీ ఆకాశం. తర్వాత నలుపు.

లోపల పెద్దతెర కూడా నల్లబడింది. ఊరి డ్రోన్‌ను మంచులో కలిపేశావు, అదీ నా కూతురి పెళ్ళిలో, అని పట్టాభి గారు ఏవేవో అన్నారు. సగం వినలేదు. నా చెవులు సన్నాయి మీద ఉన్నాయి. సన్నాయి వినపడుతోందంటే వాళ్ళింకా వస్తున్నారన్నమాట.

సన్నాయి టక్కున ఆగింది.

ఆగితే సంతోషిద్దామనుకున్నాను. ఆగాక తట్టింది, మనుషులు మునిగినా సన్నాయి ఆగుతుంది. పట్టాభి గారు తిట్లు ఆపి వైర్‌లెస్ మీదికి వంగారు. పెళ్ళికొడుకు ఆ బండి మీదే ఉన్నాడని ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

వైర్‌లెస్ గరగరమంది.

"అక్కా, ఎవరో దారికి అడ్డంగా దిష్టి తీసి పడేసేరక్కా," అన్నాడు గవర్రాజు. "రెండు చెక్కలు, కుంకం, చుట్టూ మిరపకాయలు. పక్కన నీ డ్రోన్ కూడా పడుంది. పెళ్ళికొడుకు మేనత్తగారు దాటడానికి వీల్లేదంటన్నారు. పక్కనుంచి తిప్పి తోలుకొచ్చెయ్యనా?"

"తిప్పకురా. ట్రాక్టరు ఆర్పెయ్. అందర్నీ వచ్చిన దారినే వెనక్కి నడిపించు. నిమ్మకాయకి ఇవతల మంచు లేదురా, నీళ్ళు."

వాడు నవ్వబోయాడు. తర్వాత జెండాకర్ర పీకిన చప్పుడు, మంచులో పొడిచిన చప్పుడు. రెండోసారి పొడిచినప్పుడు చప్పుడు రాలేదు.

"అక్కా," అన్నాడు.

అప్పుడు తిట్టాను. అమ్మ నేర్పిన తిట్లన్నీ, నేను సొంతంగా సంపాదించినవీ కలిపి, వైర్‌లెస్ పెద్దతెరకు కలిపి ఉందని కూడా మర్చిపోయి తిట్టాను. పెళ్ళివారందరూ విన్నారట.

మగపెళ్ళివారు ట్రాక్టరు ఎక్కలేని తూర్పు కొండ చుట్టూ కాలినడకన తిరిగి గట్టు మీదుగా వచ్చారు. ముహూర్తం దాటిపోయింది. పంతులుగారు మునిగిన ఊళ్ళో ఇంకో మంచి గడియ వెతికి పెట్టారు.

నమోదు 13
గాలి: లేదు. విచారణ: ఉంది.

విచారణ కమిటీ పొద్దున్నే కూర్చుంది. నన్ను పిలిచి అంతా చెప్పమన్నారు, చెప్పాను. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, పెళ్ళివారిని కాపాడింది నిమ్మకాయ. భానుమతమ్మ గారికి శాలువా కప్పారు. డ్రోన్ పోవడానికి కారణం అధికారిణి గట్టిగా ఆపడం. నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

రోజూ మంచుదారిని చూసే అర్జీ మళ్ళీ పెట్టాను. మళ్ళీ కొట్టేశారు. నిమ్మకాయ ఇంత బాగా పనిచేస్తుంటే ఇక చూడటమెందుకన్నారు. పట్టాభి గారు మాత్రం నా కళ్ళలోకి చూడకుండా సంతకం పెట్టారు.

భానుమతమ్మ గారు సాయంత్రం శాలువా తెచ్చి నాకు కప్పి వెళ్ళారు. ఇది ఎవరికి చెందాలో నాకు తెలుసమ్మా అన్నారు. ఆవిడ మీద అప్పటిదాకా ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు.

నమోదు 18
గాలి: మామూలు. తెలివి: వచ్చింది.

అవతలిగట్టు వియ్యాలవారు ఊరికి కొత్త డ్రోన్ కానుకగా పంపారు. నేను అదే అర్జీని మళ్ళీ రాశాను. ఎగిరే దారి అదే, ఎత్తు అదే, బ్యాటరీలు అవే. పై వరస ఒక్కటే మార్చాను: "మంచుదారికి నిత్యం దిష్టి తీయు కార్యక్రమము."

చర్చ లేకుండా ఆమోదించారు. రోజుకొక నిమ్మకాయ కూడా మంజూరు చేశారు. దారం మాత్రం రెండంగుళాలకు మించకూడదని నేనే ఒక నిబంధన చేర్చాను. అది శాస్త్రమేనా అని ఒకాయన అడిగాడు. అవునండీ, చాలా పాత శాస్త్రం అన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున్న పీట మీద నుంచి లేపి, కాసేపు నిలబెట్టి, జెండాల వరస పొడుగునా అంగుళం అంగుళం చూస్తున్నాను. గవర్రాజు ట్రాక్టరు మీద కూర్చుని వైర్‌లెస్‌లో నిమ్మకాయ కట్టావా అక్కా అని అడుగుతాడు. కట్టానురా అంటాను. ఇంజను స్టార్టు చేస్తాడు. నేను ఎన్ని పగుళ్ళు చూసి జెండాలు పక్కకు జరిపించానో వాడు ఏనాడూ అడగలేదు.

నమోదు 37
గాలి: గట్టు మీద నుంచి సముద్రం వైపు. నిమ్మకాయలు: లేవు.

గాజుతోటలో పంట అయిపోయింది. ఉన్న కాయలు డాక్టరమ్మ వాదించి గెలిచి పట్టుకుపోయింది. చిగుళ్ళ వాపు వాళ్ళకు పంచుతుందట. మంచిపనే. కానీ నిమ్మకాయ లేకుండా డ్రోన్ లేస్తే ఎవరూ దారి మీదికి రారు, దారి మూస్తే అవతలిగట్టుకు బియ్యం అందదు. కట్టాననే చెబుదాం, అంత ఎత్తులో ఎవడికి కనపడుతుందిలే అనుకున్నాను.

డ్రోన్ వెళ్ళింది. గాలి తోసుకుపోతోంది కాబట్టి చార్జీ సగం కాకముందే తిప్పాను, ముక్కుతూ మూలుగుతూ ఎదురీదుకుంటూ వచ్చింది. దారి పొడుగునా చూశాను. ఒకచోట అనుమానం వచ్చి మళ్ళీ చూశాను. నీడే.

ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి గవర్రాజు సీటులోంచి లేచి నిలబడి ఉన్నాడు. డ్రోన్ వాడి నెత్తి మీదుగా తక్కువ ఎత్తులో వస్తోంది. వాడు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి దాని పొట్ట వైపు చూశాడు. నిమ్మకాయ లేదు, దారం కూడా లేదు. వాడు చూశాడని నాకు తెలుసు, ఆ కళ్ళు తెర మీద నా కళ్ళలోకే చూస్తున్నాయి.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఈలోపు వైర్‌లెస్ గరగరమంది.

"అక్కా," అన్నాడు. "దారి ఎలాగుంది?"

"బాగుందిరా. రెండో మలుపు దగ్గర నెమ్మదిగా పో."

వాడు కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు.